రెండొందల లీటర్ల డీప్ ఫ్రీజర్: మెషీన్ బాగానే ఉంది, బిల్లు మాత్రం పెట్టే చోటును బట్టే

చేపలు, రొయ్యలు, సీజన్‌లో చింతచిగురు, మామిడి గుజ్జు నిల్వ చేసుకునే ఇంటికి డీప్ ఫ్రీజర్ అవసరమా అంటే, అవసరమే. కంపెనీ పేరు రాయను, ఈ సైజులో అన్నీ ఇంచుమించు ఒకే రకంగా ఉంటాయి, పైగా నాకో కంప్లైంట్ కూడా ఉంది. మాది గట్టి మూత మోడల్. షాపులో అద్దం మూతది అంటగట్టబోయారు, "లోపలున్నవి కనబడతాయి సార్" అని. అది ఐస్‌క్రీమ్ అమ్ముకునేవాళ్లకి. అద్దంలోంచి వేడి సులువుగా లోపలికి దిగుతుంది, ఇంట్లో దాంతో పనేముంది?

కూలింగ్‌కి వంక పెట్టక్కర్లేదు. చల్లగాలి బరువు, మూతేమో పైకి తెరుచుకుంటుంది, అందుకే తీసినా చల్లదనం చాలావరకు లోపలే ఉండిపోతుంది.

ఇక కరెంటు సంగతి. ప్లగ్గుకి తగిలించే చిన్న మీటరు పెట్టి చూశాను. డెలివరీ వాళ్లు దించిపోయిన రేకుల షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఎండలకి రోజుకి రెండు యూనిట్లు దాటేది, నీడగా ఉండే ఉత్తరం గదిలోకి మార్చి, గోడకి జానెడు ఎడం వదిలాక అదే ఎండల్లో ఒకటిన్నరకి దిగింది. అర యూనిట్టే కదా అనుకోకండి, ఫ్రీజర్ కాల్చేది మన ఇంటి మామూలు వాడకం మీద అదనం కాబట్టి దానికి పడేది చివరి స్లాబు రేటు. ఏపీలో నెలకి 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75 రూపాయలు, అంటే చోటు మార్చినందుకే నెలకి నూట ముప్పై దాకా మిగులు.

మా బావగారు చుట్టూ థర్మాకోల్ షీట్లు అంటించమన్నారు, చాలామంది ఇదే సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మెషీన్ తిరుగుతున్నప్పుడు పక్క గోడల మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. ఇలాంటి చాలా మోడళ్లలో లోపలి వేడిని బయటికి వదిలే గొట్టాలు ఆ రేకు వెనకే ఉంటాయి. వాటిని కప్పేస్తే వేడి పోయే దారి లేక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది. పాత దుప్పటి కప్పినా, పక్కన బియ్యం బస్తాలు ఆనించినా అంతే.

నా కంప్లైంట్ మూత రబ్బరు గురించి. కొత్తదే, అయినా ఒక మూల సరిగా ఆనదు. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి మూత వేసి లాగితే జారిపోతోంది. సర్వీస్ కుర్రాడొచ్చి "కొత్తలో అంతే సార్, సర్దుకుంటుంది" అని వెళ్లిపోయాడు. సర్దుకోలేదు. ఆ మూలన్నే మంచు గడ్డకట్టేది. చివరికి వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో రబ్బరుని మెత్తబరిచి, మూత వేసి పైన బరువు పెట్టి ఉంచితే దారికొచ్చింది. ఇంత ఖరీదు పెట్టి కొన్నాక ఈ పని మనం చేయాలా అన్నదే బాధ.

మంచు అర సెంటీమీటరు పేరుకుందంటే ఆపి కరిగించాల్సిందే, అది ఉన్నకొద్దీ కరెంటు ఎక్కువ తింటుంది. చాకుతో మాత్రం పొడవకండి, లోపలి గోడల్లోనూ గ్యాస్ గొట్టాలుంటాయి.

నాబ్ మీద 7 అంటే ఏడు డిగ్రీలని మా ఇంట్లో ఒకరి నమ్మకం. కాదు, అది అన్నిటికంటే చల్లని సెట్టింగ్. చేపలకైనా మాంసానికైనా మైనస్ 18 చాలు, అంతకంటే కిందికి దించితే దండగ. లోపల థర్మామీటరు ఉండదు, విడిగా ఒకటి కొనుక్కోవాలి. ఖాళీ చోట్లో నీళ్ల సీసాలు నింపితే బిల్లు తగ్గుతుందంటారు కానీ నా మీటర్లో పెద్ద తేడా కనబడలేదు. కరెంటు కోతలప్పుడు మాత్రం ఆ గడ్డకట్టిన సీసాలే చల్లదనాన్ని నిలబెడతాయి.

మెషీన్‌కి నాలుగు స్టార్లు, సర్వీస్‌కి ఒకటి. ఇద్దరే ఉండి, వారానికోసారి చేపలు తెచ్చుకునే ఇల్లయితే అసలు కొనకండి, ఫ్రిజ్‌లో పై అర సరిపోతుంది.