చలికాలపు కరివేపాకు కోసం ఎల్‌ఈడీ దీపం: సమీక్ష

చికాగోలో చలి మొదలవగానే కరివేపాకు కుండీని ఇంటి లోపలికి తెచ్చుకోక తప్పదు. డిసెంబరు చివర పగలు సుమారు 9 గంటలే ఉంటుంది కనుక, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టినా ఆకులు పండి రాలిపోతుంటాయి. ఈ ఇబ్బంది తీరాలని కొన్న మొక్కల దీపాన్ని చలికాలమంతా వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇందులో ఎక్కువగా తెల్లని డయోడ్లు, వాటి నడుమ 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (కాంతి రంగును తెలిపే కొలత) ఉన్న ఎర్రనివి కొన్ని ఉన్నాయి. ఈ కూర్పే దీపానికి అసలు బలం. పత్రహరితం ముఖ్యంగా నీలి, ఎరుపు కాంతులను గ్రహిస్తుంది కాబట్టి ఆ రెండింటితోనే ఊదాగా వెలిగే దీపాలు బజారులో చాలానే ఉన్నాయి. కానీ ఆకు ఆకుపచ్చ కాంతిని పూర్తిగా తిప్పికొట్టదు, అందులో చాలా భాగం లోపలి పొరలకు చేరి అక్కడ కిరణజన్య సంయోగక్రియకు ఉపయోగపడుతుంది. రంగుల కలయికకు మరో విలువ కూడా ఉంది. ఇదే రాష్ట్రంలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ ఎమర్సన్, 680 నానోమీటర్లు దాటిన ముదురు ఎరుపు ఒక్కటే పడితే ఆక్సిజన్ విడుదల తగ్గిపోతుందని, దానికి తక్కువ తరంగదైర్ఘ్యపు కాంతిని జోడిస్తే ఆ విడుదల రెండింటి విడి ఫలితాల మొత్తాన్ని మించుతుందని 1950లలో చూపించారు. ఆకులో రెండు కాంతివ్యవస్థలు (కాంతిని పట్టి వాడుకునే ఏర్పాట్లు) ఒకదాని వెనుక ఒకటిగా పనిచేస్తాయన్న అవగాహనకు ఆ ప్రయోగాలే దారి చూపాయి.

పెట్టె మీది అంకెలు మాత్రం నాకు నచ్చలేదు. "1000 వాట్లకు సమానం" అన్న మాటకు అర్థమే లేదు. ల్యూమెన్ల లెక్క కూడా ఇక్కడ పనికిరాదు: అవి మనిషి కంటికి తోచే వెలుగును కొలుస్తాయి, మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చకు ఎక్కువగా స్పందిస్తుంది. మొక్కకు లెక్కకు వచ్చేవి 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య, ప్రతి సెకనుకు చదరపు మీటరుపై పడే ఫోటాన్లు, అంటే కాంతి కణాలు. నడి ఎండలో ఇవి సుమారు 2000 మైక్రోమోల్స్ (ఫోటాన్ల సంఖ్యను లెక్కించే ప్రమాణం) ఉంటాయి. ఈ దీపం ఎంత దూరంలో ఎన్ని ఇస్తుందో తయారీదారు ఎక్కడా చెప్పలేదు; కొనేవారికి అన్నిటికంటే ముందు కావలసిన సమాచారం అదే.

ఎండతో పోటీపడే శక్తి దీనికి లేదు కనుక కొమ్మలకు అడుగు ఎత్తులో వేలాడదీసి, రోజుకు 14 గంటలు వెలిగేలా టైమరు పెట్టాను. ఆకురాలడం తగ్గింది, ఫిబ్రవరిలో కొత్త చిగుళ్లు వచ్చాయి. వేసవి ఆకులకంటే అవి చిన్నవే అయినా, పోపులో వేస్తే చక్కటి వాసన వచ్చింది. దీపం పెద్దగా వేడినివ్వదు కాబట్టి కుండీని చల్లని కిటికీ అద్దానికి దూరంగా ఉంచాలి. కరివేపాకు, పుదీనా, కొత్తిమీరలకు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. ఇంట్లోనే మిరప, టమాటా కాయించాలనుకునేవారు ఫోటాన్ల లెక్క స్పష్టంగా ఇచ్చే పెద్ద దీపాన్నే ఎంచుకోవాలి.