కాళ్ళు ఆపేసినా వంద చూపిస్తోంది: కేడెన్స్ మీటరు కొనేవాళ్ళు జాగ్రత్త

విజయనగరంలోనూ చుట్టుపక్కలా సైకిల్ తొక్కేవాళ్ళలో ఎవరైనా పెడల్ చుట్లు లెక్కపెట్టే కేడెన్స్ మీటరు కొందామనుకుంటుంటే, ఇది చదివాక షాపుకి వెళ్ళండి. నేను 2,400 పెట్టి కొన్నాను. డబ్బు పోతే పోయింది. రెండు నెలల పాటు అది చూపించిన దొంగ అంకెను నమ్మి తొక్కి మోకాలి నొప్పి పెంచుకున్నాను, నా మంటంతా అదే.

అసలు ఇది కొన్నదే మోకాలి కోసం. ఫిజియోథెరపీకి వెళ్తే అక్కడి డాక్టరు ఒకటే మాట చెప్పారు: "పెద్ద గేరులో బలంగా నొక్కి తొక్కకండి. గేరు తగ్గించి కాళ్ళు చకచకా తిప్పండి, నిమిషానికి 80 చుట్లు దాటాలి." ఆ చుట్ల లెక్కనే కేడెన్స్ అంటారు. మనలాగా ఊరికే తొక్కేవాళ్ళకి 60 దగ్గర ఆడుతుంది, అలవాటున్న రేసు వాళ్ళు 80 నుంచి 100 తిప్పుతారు. ఒకే స్పీడులో వెళ్తున్నా చుట్లు తక్కువైతే ఒక్కో తొక్కుకీ మోకాలి మీద ఎక్కువ బరువు పడుతుంది.

ఊళ్ళో ఒక సైకిల్ షాపుకి వెళ్ళి అడిగితే "స్పీడు, దూరం, కేడెన్స్ అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి సార్" అని పది నిమిషాల్లో బిగించి పంపారు. హ్యాండిల్ మీద చిన్న తెర, ముందు ఫోర్కుకి ఒక సెన్సరు, చక్రం చువ్వకి ఒక అయస్కాంతం. పెడల్ వైపు ఏమీ పెట్టలేదు. అప్పుడే అనుమానం రావాలి. తెర మీద ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని అంకె కనిపిస్తుంటే ఇంకేం అడుగుతాం?

రోజూ పొద్దున్నే నెల్లిమర్ల రోడ్డు. స్పీడు 20, కేడెన్స్ 80. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నానని ఒకటే సంబరం. నొప్పి మాత్రం తగ్గలేదు సరికదా, మెట్లు దిగేటప్పుడు కూడా మొదలైంది.

ఒకరోజు ఎత్తుబ్రిడ్జి ఎక్కి అటువైపు దిగుతున్నాను. దిగుడు కదా, కాళ్ళు కదపకుండా కూర్చున్నాను. యథాలాపంగా తెర చూస్తే స్పీడు 25, కేడెన్స్ 100! కాళ్ళు పెడల్స్ మీద ఊరికే ఉన్నాయి. దిగినంతసేపూ అంతే.

ఇంటికొచ్చి మా మేనల్లుడికి చెప్పాను. వాడు సైకిల్ ముందు భాగం పైకెత్తి, పెడల్ ముట్టుకోకుండా చేత్తో చక్రం తిప్పాడు. 18 స్పీడుకి 72, 20కి 80, 22కి 88. "మావయ్యా, ఇది కేడెన్సు కాదు, స్పీడుని నాలుగుతో గుణించి చూపిస్తోంది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు సెల్‌లో టైమరు పెట్టుకుని, రోజూ తొక్కే గేరులోనే స్పీడు 20 దగ్గర పట్టి, కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టాను. 15 సెకన్లకి 13 సార్లు. అంటే నిమిషానికి 52. నా గేరు ముందు 42 పళ్ళు, వెనక 14. ఒక్క చుట్టుకి సైకిల్ ఆరున్నర మీటర్లు పోతుంది. ఆ లెక్కన చూసినా 51 వస్తోంది. నేను 80 అనుకుంటున్న రెండు నెలలూ తొక్కింది ఇదన్నమాట.

అసలైన కేడెన్స్ సెన్సరు పెడల్ తిరగడాన్ని పసిగట్టాలి. పాత రకంలో అయస్కాంతం క్రాంకుకి (పెడల్ బిగించి ఉండే కడ్డీకి) కడతారు, సెన్సరు దాని పక్కనే ఫ్రేముకి ఉంటుంది. కొత్త రకంలో అయస్కాంతం ఉండదు, బొత్తాం సెల్లు వేసిన చిన్న డబ్బీని క్రాంకుకే బిగిస్తారు. రెండిట్లో ఏదైనా క్రాంకు దగ్గర ఒక సామాను ఉండి తీరాలి. కొన్ని డబ్బీలు స్పీడుకీ కేడెన్సుకీ రెండింటికీ పనిచేస్తాయి, సెల్లు తీసి మళ్ళీ వేస్తే మోడ్ మారుతుంది. అలాంటిది కొంటే ఏ మోడ్‌లో ఉందో అక్కడే అడగండి. ఆంట్ ప్లస్ అనే వైర్లెస్ పద్ధతి మాత్రమే ఉన్నది కొంటే చాలా ఫోన్లకి కలవదు, బ్లూటూత్ కూడా ఉందో లేదో చూసుకోండి.

డబ్బులిచ్చే ముందు షాపులోనే సైకిల్ స్టాండ్ వేయించి రెండు పనులు చేయండి. పెడల్ తిప్పి వెనక చక్రం జోరుగా తిరిగేలా చేయండి, అప్పుడు కేడెన్స్ అంకె కనిపించాలి, పెడల్ ఆపేస్తే నాలుగైదు సెకన్లలో సున్నాకి రావాలి. తర్వాత పెడల్ ఒకే వేగంతో తిప్పుతూ గేరు మార్చండి, చక్రం వేగం మారినా కేడెన్స్ అంకె మారకూడదు. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నేను వెనక్కి తీసుకెళ్తే "అందరికీ ఇదే ఇస్తున్నాం సార్, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అన్నారు. ఎవరికి తెలుస్తుంది అడగడానికి! బిల్లు అడగని తప్పు నాది. నా దగ్గరున్నది "సైకిల్ సామాన్లు 2,400" అని రాసిన తెల్ల చీటీ. అట్టపెట్టె మీద దిగుమతిదారు పేరు లేదు, ఎమ్మార్పీ లేదు. ఆ రెండూ ముద్రించి ఉండాలన్నది రూలు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, చీటీ, పెట్టె ఫోటోలు దాచిపెట్టాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, అవసరమైతే అక్కడికీ వెళ్తాను.

షాపు వాళ్ళు చివరికి తాళం ఒకటి ఫ్రీగా ఇస్తామన్నారు. వద్దని వచ్చేశాను. ప్రస్తుతానికి కేడెన్స్ అంకె మీద నల్ల టేపు అంటించి, గేరు రెండు మెట్లు తగ్గించి, మోకాలు లెక్కపెట్టుకుంటూ తొక్కుతున్నాను. ఈ ఉదయం 15 సెకన్లకి 19 వచ్చింది.