పర్లాకిమిడి బోర్డుల్లో ఏఈఎస్‌దా, చాచా20దా వేగం?

పర్లాకిమిడిలో మహేంద్రతనయ నది నీటిమట్టం చూసే మా సెన్సార్లలో రెండు రకాల బోర్డులున్నాయి. అవి పంపే డేటాని ఇతరులు చదవలేకుండా మార్చే (ఎన్‌క్రిప్షన్) రెండు పద్ధతులే ఏఈఎస్, చాచా20. ఒక బోర్డు ఈఎస్‌పీ32లో ఏఈఎస్‌కి చిప్‌లోనే ప్రత్యేక సర్క్యూట్ ఉంది. లైబ్రరీ దాన్ని వాడుతోందో లేదో చూసుకుంటే చాలు.

రెండో బోర్డు ఎస్‌టీఎం32ఎఫ్103లో అది లేదు. అక్కడ ఏఈఎస్ సాఫ్ట్‌వేర్‌లోనే నడవాలి: 128 బిట్ల కీకి 10 రౌండ్లు, బైటు బైటుకీ టేబుల్ వెతుకులాట. వేగం కోసం పెద్ద టేబుళ్లు పెడితే వాటికే 4 కేబీ పోతుంది. చాచా20కి టేబుళ్లే వద్దు. 32 బిట్ల కూడిక, ఎక్సార్, రొటేట్, అంతే. 20 రౌండ్లయినా ఈ చిప్‌కి అదే తేలిక. నేనైతే ఇక్కడ చాచానే పెడతాను.

నాన్స్‌తో, అంటే ఒకే కీతో ప్రతి సందేశానికీ మారాల్సిన సంఖ్యతో, మాత్రం జాగ్రత్త. మేం దాన్ని ఒక కౌంటర్‌తో లెక్కిస్తాం. కరెంటు పోయి వచ్చాక కౌంటర్ మళ్లీ సున్నా నుంచి మొదలైతే, అదే కీతో పాత నాన్సే తిరిగొస్తుంది, రహస్యం బయటపడిపోతుంది. అందుకే కౌంటర్‌ని కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో దాస్తున్నాం.