ఇల్లు పిల్లలకు: వీలునామానా, గిఫ్ట్ డీడా?

స్వార్జిత ఇంటి విషయంలో హిందూ కుటుంబాలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఖర్చు: వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం చాలు. గిఫ్ట్ డీడ్‌కు డ్యూటీ కట్టాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

మార్పు: వీలునామాను తెలివిలో ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా తిరగరాయొచ్చు. గిఫ్ట్ ఇచ్చాక మనసు మారితే రద్దు కాదు.

చిక్కు: వీలునామాలు ఎక్కువగా దెబ్బతినేది సాక్షుల దగ్గరే. ఇద్దరు సంతకం చేయాలి. తగాదా వస్తే, బతికున్నవాళ్లలో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకే మీకంటే చిన్నవాళ్లను, ఆస్తిలో వాటా లేనివాళ్లను పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ ఐచ్ఛికమే అయినా చేయించడం మేలు.

గిఫ్ట్‌లో ప్రమాదం వేరు, నా దృష్టిలో అదే పెద్దది: రాసిచ్చాక ఆదరణ కరవవడం. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. కానీ ‘నన్ను పోషించాలి’ అన్న షరతు అందులో స్పష్టంగా ఉంటేనే కేసు గట్టిగా నిలుస్తుంది. ‘బతికున్నంతకాలం ఈ ఇంట్లో ఉండే హక్కు నాదే’ అనే వాక్యమూ రాయించండి, దానివల్ల గిఫ్ట్ చెల్లకుండా పోదు.

వేరే ఆదాయం లేక, ఆ ఇల్లే ఆధారమైతే వీలునామా. పెన్షనుండి, వారసుల మధ్య గొడవ ఖాయమనిపిస్తే షరతులతో గిఫ్ట్.