మాట పెదవులతో కలిసి రావాలంటే: ఎస్.పి. రోడ్డు సర్వీస్ షాపు గురించి

మా అమ్మకి రెండేళ్లుగా వినికిడి తగ్గింది. ఎదుటి మనిషి పెదవులు చూస్తూ వింటుంది కాబట్టి మామూలుగా ఇబ్బంది తెలియదు. సంక్రాంతి అయ్యాక కడప నుంచి బెంగళూరులో మా ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్న రెండో రోజే "ఒక్క ముక్కా అర్థం కావట్లేదు, ఆపెయ్ నాయనా" అంది. అప్పుడు పట్టి చూస్తే పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది. ఏడాదిగా అదే టీవీ చూస్తున్నాం, అలవాటైపోయి మాకు తెలియలేదు. అమ్మకి మాత్రం ఆ కాస్త తేడాతో మాటంతా పోతోంది.

టీవీ, సౌండ్‌బార్ కొన్న షోరూమ్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను. రీసెట్ కొట్టమన్నారు, కొట్టాను. అప్‌డేట్ చేయమన్నారు, చేశాను. చివరికి సౌండ్‌బార్ పాతదైపోయింది, కొత్తది తీసుకోండి అన్నారు. అంత డబ్బు పెట్టేముందు ఇంకొకరిని అడుగుదామని ఎస్.పి. రోడ్డులో ఈ షాపుకి వెళ్లాను.

అక్కడున్నాయనది హిందూపురం వైపు, తెలుగులోనే మాట్లాడాడు. ఏ కంపెనీ, ఎప్పుడు కొన్నారు అని మొదలుపెట్టలేదు. "శబ్దం ముందొస్తోందా, వెనకొస్తోందా సార్?" అన్నాడు. అన్ని ఫోన్లలో షోరూమ్ వాళ్లు ఒక్కసారీ అడగని ప్రశ్న అది. శబ్దం ముందొస్తే సౌండ్‌బార్‌లో డిలే, అంటే శబ్దాన్ని కావాలని ఆలస్యం చేసే సెట్టింగ్ పెట్టి ఆపొచ్చు, వెనకొస్తుంటే మాత్రం డిలే ఎంత పెంచినా ఇంకా వెనక్కే పోతుంది తప్ప ముందుకు రాదు. నేను వారం రోజులుగా పెంచుతూ కూర్చున్నాను!

ఇంటికొచ్చి ముందు డబ్బింగ్ సినిమా ఆపించాడు. డబ్బింగ్‌లో పెదవులు ఎలాగూ కలవవు, దాంతో చూస్తే ఏదీ తేలదట. తెలుగు వార్తలు పెట్టి "చదివే ఆవిడ ప, బ, మ అనేటప్పుడు చూడండి, పెదవులు మూసుకుంటాయి" అన్నాడు. నిజంగానే అక్కడ తేడా స్పష్టంగా దొరికిపోయింది. తర్వాత చప్పట్లు కొట్టే వీడియో ఒకటి టీవీలో వేసి, దాన్ని ఫోన్‌తో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి, లాప్‌టాప్‌లో ఒక్కో ఫ్రేమూ జరిపాడు. చేతులు కలిసిన ఫ్రేముకీ, తెర మీద శబ్దాన్ని చూపించే గీత లేచిన చోటుకీ మధ్య 48 ఫ్రేములు. ఫ్రేముకి నాలుగు మిల్లీసెకన్ల చొప్పున దాదాపు 200.

కారణం బ్లూటూత్. గోడకి టీవీ బిగించిన రోజు కేబుల్ పొట్టిదైందని షోరూమ్ మనిషి సౌండ్‌బార్‌ని బ్లూటూత్‌కి కలిపేసి వెళ్లిపోయాడు. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, పంపి, అక్కడ మళ్లీ విప్పాలి కదా, ఆ ఆలస్యమే ఇది. మూడు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ వేసి టీవీలో ఏఆర్‌సీ అని రాసున్న పోర్టుకే పెట్టాడు, టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపేది అదే. పక్క పోర్టులో పెడితే టీవీ శబ్దం సౌండ్‌బార్‌కి చేరదు, ఇది చాలామందికి తెలియదు.

ఇక్కడితో ఆగిపోయుంటే నేను సంతోషంగా డబ్బులిచ్చేసేవాణ్ణి. ఆయన మళ్లీ కొలిచాడు. ఈసారి శబ్దం కాస్త ముందొస్తోంది! టీవీ బొమ్మని నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ కోసం ఫ్రేముల్ని ఆపి పెట్టుకుంటుంది, అందుకని బొమ్మే ఆలస్యం. అది ఆఫ్ చేసి, మిగిలిన కొంచెం తేడాకి సౌండ్‌బార్‌లో 40 మిల్లీసెకన్ల డిలే పెట్టాడు. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1లోని ఈఏఆర్‌సీ (ఏఆర్‌సీకి కొత్త రూపం) అయితే ఈ సర్దుబాటు టీవీ, సౌండ్‌బార్ వాటంతటవే చూసుకుంటాయట, మాది పాత ఏఆర్‌సీ.

అంత చిన్న తేడా ఎవరికి తెలుస్తుంది అన్నాను. చెరువు అవతల గట్టున చాకలి బట్ట బండకేసి కొడితే చప్పుడు తర్వాతే కదా వినిపించేది, శబ్దం వెనక రావడం మనకి పుట్టినప్పటి నుంచి అలవాటు, ముందు రావడం మాత్రం ఎక్కడా చూడం, అందుకే తొందరగా పట్టేస్తాం అన్నాడు. తర్వాత చదివితే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి లెక్క కూడా అదే: ముందొస్తే 45 మిల్లీసెకన్లకే తెలిసిపోతుంది, వెనకొస్తే 125 దాకా తెలియదు.

చెల్లి పెళ్లి వీడియో కూడా చూపించాను. జీలకర్రబెల్లం దగ్గర బాగానే ఉంటుంది, తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి మేళం ఒకచోట, చేతులొకచోట. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో జే, కే నొక్కి శబ్దాన్ని 50 మిల్లీసెకన్ల చొప్పున జరిపినా కాసేపటికి మళ్లీ తప్పేది. ఫోన్‌తో తీసినప్పుడు ఫ్రేముల వేగం ఒకేలా ఉండదు, కొన్ని ప్లేయర్లు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని సరిగ్గా లెక్కవేయవు, అందుకే పోనుపోను తేడా పెరుగుతుంది. షాపుకి తీసుకెళ్లి సెకనుకి 30 ఫ్రేములకి స్థిరంగా మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఇప్పుడు చివరిదాకా సరిగ్గా ఉంది. అమ్మ మూడుసార్లు చూసింది, మంత్రాలతో సహా.

కేబుల్ 650, ఇంటికొచ్చినందుకు 500, వీడియోకి 300. నాకు నచ్చనిది ఒక్కటే, వస్తానన్న రోజు రాలేదు, ఫోన్ కూడా చేయలేదు, రెండు రోజుల తర్వాత వచ్చాడు. ఆ రెండు రోజులూ అమ్మ టీవీ లేకుండానే కూర్చుంది. ఆ రోడ్డులో పార్కింగ్ దొరకదు, మెట్రోలో వెళ్లండి. వెళ్లేముందు మీ టీవీలో వార్తలు వేసి ఫోన్‌లో ఒక నిమిషం స్లో మోషన్ తీసుకెళ్తే, అది చూసి కేబులా సెట్టింగా అన్నది అక్కడే చెప్పేస్తాడు.