హెచ్‌ఆర్‌టీతో మూడేళ్లు: మెట్టెలు బిగుసుకుంటే కొవ్వనుకున్నాను

నాకు 47 ఏళ్లకే ముట్లు ఆగిపోయాయి. రాత్రయితే ఆవిర్లు, దిండు తడిసేంత చెమట. హన్మకొండలో చూపించుకుంటే డాక్టరమ్మ హెచ్‌ఆర్‌టీ, అంటే ముట్లు ఆగాక ఒంట్లో తగ్గే హార్మోన్లను మందుగా ఇచ్చే చికిత్స, మొదలుపెట్టారు. పొద్దున ఈస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్ హార్మోన్) మాత్ర, గర్భసంచి ఉంది కాబట్టి దాని లోపలి పొరకు రక్షణగా రాత్రి సహజ ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్. రెండు నెలల్లో కంటినిండా నిద్ర పట్టింది. ఆ మేలు ఇప్పటికీ మరువను.

కానీ మూడో వారానికే మెట్టెలు బిగుసుకున్నాయి. సబ్బు నురగ పెట్టి తీస్తే వేలి చుట్టూ ఎర్రటి గాడి. సాయంత్రం చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట అట్లాగే ఉండేది. బరువు కిలోన్నర పెరిగింది. "ఏందక్కా, ముఖం ఉబ్బింది?" అంది పక్కింటామె. కొవ్వు అనుకొని అన్నం తగ్గించాను, ఆ తర్వాత నీళ్లు కూడా తగ్గించాను. అదీ మే నెలలో, ఓరుగల్లు ఎండల్లో! నాలుగు రోజులకే మూత్రంలో మంట, లేచి నిలబడితే కళ్లు తిరగడం. వాపు మాత్రం పోలేదు.

బీపీ చూసి, రక్తపరీక్షలు చేయించాక డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. మింగిన ఈస్ట్రోజెన్ పేగుల నుంచి ముందు కాలేయానికి పోతుంది. అక్కడ యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీన్ ఎక్కువ తయారై, దాని ప్రభావంతో మూత్రపిండాలు ఉప్పును ఆపుకుంటాయి. ఉప్పు వెంటే నీరూ ఆగుతుంది. సహజ ప్రొజెస్టిరాన్, ఒంట్లో ఉప్పును ఆపే ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్‌కు అడ్డుపడి కొంత ఉప్పును బయటికి పంపిస్తుంది కాబట్టి దాన్ని అట్లాగే ఉంచి, మాత్రకు బదులు ఒంటికి పూసుకునే ఈస్ట్రడయాల్ జెల్ రాసిచ్చారు. చర్మం నుంచి వెళ్లే మందు ముందుగా కాలేయం మీద పడదు.

స్నానం చేసి, చెమట లేకుండా తుడుచుకొని తొడకు రాసుకుంటాను. ఆరేదాకా చీర తగలనివ్వను, మనవరాలిని దగ్గరికి రానివ్వను. వేసవిలో ఫ్యాను కింద కూర్చొని ఆరబెట్టుకోవడం కొంచెం విసుగే. మాత్ర కంటే ఖర్చు కూడా ఎక్కువైంది. అయినా నెలన్నరకల్లా మెట్టెలు వదులయ్యాయి. ఇప్పుడు వాపు వచ్చేది నా నోటి వల్లే: సంక్రాంతి సకినాలు, రెండు పూటలా మామిడికాయ తొక్కు తిన్న వారం కాళ్లు బరువెక్కుతాయి. నీళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడూ తగ్గించలేదు.

మీకూ ఇట్లా వాపు వస్తే మందు మీ అంతట మీరే ఆపకండి, జెల్ కుదురుతుందేమో అడగండి. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది నీరు కాదు, రక్తం గడ్డ కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.