రాజమహేంద్రవరం మూలికల దుకాణంలో బ్రహ్మదండి

రాజమహేంద్రవరం బజారులోని ఈ మూలికల దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చినది, ఎండు బ్రహ్మదండిని పొడిగానే కాక, వేరూ ఆకూ పూబంతీ ఊడకుండా కట్టలుగా కూడా అమ్మడం. ఇది చిన్న సంగతి కాదు, ఎందుకంటే బ్రహ్మ చేతి దండమని అర్థమిచ్చే ఈ పేరు తెలుగులో రెండు వేర్వేరు ముళ్ల మొక్కలకు వాడుకలో ఉంది.

మొదటిది కాలువ గట్ల మీద పసుపు పూలు పూసి, తుంచితే పసుపుపచ్చని పాలు కారే మొక్క. మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన, గసగసాల కుటుంబానికి చెందిన ఈ మొక్కకు స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఆర్జిమోన్ మెక్సికానా అని పేరు పెట్టాడు; ఆర్జెమా అంటే గ్రీకులో కంటి పువ్వు, అంటే కంట్లో ఏర్పడే తెల్లమచ్చ. ఆవాలను పోలిన దీని గింజల నూనె ఆవనూనెలో కలవడం వల్లనే 1998లో ఢిల్లీలో ఒళ్లు నీరుపట్టే వ్యాధి ప్రబలి ప్రాణాలు తీసింది. రెండవది తిసిల్ అనే అసలైన ముళ్లమొక్కల తెగకు చెందిన ఎకినాప్స్. హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువును పోలినదని ఆ గ్రీకు పేరుకు అర్థం. గుండ్రని ముళ్లబంతిని అరచేతిలో పెట్టి చూస్తే పేరు ఎంత చక్కగా అతికిందో తెలుస్తుంది.

"ఇది ముళ్లబంతిదేనండి, పాలు కారేది మేము అమ్మమండి" అని దుకాణదారు కట్ట విప్పి మరీ చూపించారు. అయితే పొడి పొట్లాల మీద బ్రహ్మదండి అని మాత్రమే అచ్చువేయడం పెద్ద లోపం, శాస్త్రీయ నామం తప్పక ఉండాలి. అంతవరకు కట్టనే కొనమని, వైద్యుని అడగకుండా వాడవద్దని నా సలహా.